పటేల్‌గూడ డైరీ: నాలుగేళ్లు ముందు నడిచినవాళ్లు

జూన్ 21, 2025, శనివారం

బడులు తెరిచి పది రోజులవుతోంది. ఉద్యోగ విరమణ తరవాత నేను పెట్టుకున్న పని ఈ ఏడాదీ మొదలైంది. కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఉన్నత పాఠశాలకు వెళ్లడం, తొమ్మిది, పది తరగతుల పిల్లల మధ్య కూర్చోబెట్టడం. ఈసారి వచ్చినవాళ్లలో ఒకమ్మాయి రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతోంది. ఒకబ్బాయిది సంగారెడ్డి పక్కనే ఉన్న వ్యవసాయ ఇంజినీరింగ్ కాలేజీ. ఇంకొకబ్బాయి పదో తరగతి కాగానే వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఆ పైన అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరాడు.

నేను వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని. పిల్లలు నన్ను పాఠంలో సందేహాలు అడిగేవాళ్లు. వీళ్లను అడిగినవి వేరు.

"అక్కా, హాస్టల్‌ల అన్నం మంచిగుంటదా?"

"ఇంగ్లీషు రాకుంటే నవ్వుతరా అన్నా?"

"ఫీజు ఎవలు కట్టిన్రు?"

"ఇంట్ల వద్దనలేదా అక్కా, ఆడపిల్లవని?"

ఈ ప్రశ్నలకు జవాబు దొరక్కే చాలామంది పిల్లలు పదో తరగతితో ఆగిపోతారు. ఆ జవాబు నా వయసువాడి నోట వస్తే ఉపన్యాసమవుతుంది. నాలుగేళ్లు ముందు అదే దారిన నడిచినవాళ్లు చెబితే నమ్మకమవుతుంది.

జూన్ 24, మంగళవారం

ఊరిని ఒకసారి రాసి పెట్టుకోవాలి, రేపు గుర్తుండదు. ఒకవైపు బీరంగూడ గుట్ట, ఇంకోవైపు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు, అవతల ఔటర్ రింగు రోడ్డు. పక్కనే అమీన్‌పూర్ పెద్ద చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినది. ఊళ్లోనే ఇంజినీరింగ్ కాలేజీ. జొన్న, కంది పండిన చెల్కల్లో ఇప్పుడు విల్లాలు. రెండు ప్రహరీల నడుమ మిగిలిన నేల చెక్కలో ఎవరో ఇంకా కూరగాయలు వేస్తున్నారు.

ముంబయి హైవే మీద బస్సెక్కిన ప్రతి పిల్లవాడూ ఇక్రిశాట్ గోడ చూసే ఉంటాడు. 1972లో పెట్టిన పంటల పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మీద అక్కడ జరిగిన పని ఆఫ్రికా రైతుల దాకా వెళ్లింది. దాని జన్యు బ్యాంకులో లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు భద్రంగా ఉన్నాయి. గోడకు ఇవతల పిల్లలకు మాత్రం అది "ఏదో పెద్ద కంపెనీ".

జూలై 5, శనివారం

సోమవారం పొద్దున పాశమైలారం పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీలో పేలుడు. చనిపోయినవాళ్ల లెక్క నలభైకి చేరుతోంది, ఆచూకీ తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు.

ఈ బడిలో ఏ తరగతికి వెళ్లినా సగం మంది తండ్రులు ఈ పారిశ్రామికవాడల్లోనే పనిచేస్తున్నారు. ఈరోజు పాఠమేమీ పెట్టుకోలేదు. ఒక పిల్లవాడు లేచి, "మా నాయిన్ని పని బంజెయ్యమనాల్నా సార్?" అన్నాడు.

నేను తడుముకుంటుంటే ఇంజినీరింగ్ అబ్బాయి అందుకున్నాడు. "నాయినను ఏమనకు తమ్మీ. ఆయన నీకోసమే పోతున్నడు. నువ్వు మాత్రం చదువు ఆపకు. యంత్రం ఎప్పుడు ఆపాలె, ఏ వేడి దాటితే ప్రమాదం, అది తెలిసినోళ్లు లోపల ఉండాలె. ఆ తెలిసినోళ్లల్ల నువ్వొకడివి కావాలె" అన్నాడు.

ఫ్యాక్టరీ చెడ్డది, పొలం మంచిది అని పిల్లలకు చెప్పే హక్కు మాకు లేదు. రెండు చోట్లా శ్రమ ఉంది, రెండు చోట్లా ప్రాణం ఉంది. పిల్లల ముందు ఒక్క దారి కాకుండా నాలుగు దారులు ఉండేలా చూడటమే మా పని.

జూలై 19, శనివారం

మట్టి నమూనా తీయడం నేర్పారు. బడికి కొంచెం దూరంలో ఒక పెద్దాయన తన చెక్కలో తవ్వుకోమన్నాడు.

బీఎస్సీ అమ్మాయి ముందు చెప్పింది: గట్టు పక్కన వద్దు, చెట్టు కింద వద్దు, పెంట కుప్ప పోసిన చోట వద్దు. వంకరటింకరగా నడుస్తూ పొలమంతటా చోట్లు ఎంచుకోవాలి. పైన ఉన్న గడ్డీ గాదం పక్కకు తీసి, పారతో ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో జానెడు లోపు, అంటే 15 సెంటీమీటర్ల లోతున గుంట తీయాలి. గుంట గోడ వెంట పైనుంచి కింది దాకా అంగుళం మందాన మట్టిని చెక్కి తట్టలో వేయాలి. అన్ని చోట్ల మట్టినీ గోనె మీద పోసి, గడ్డలు చిదిపి, కలిపి, నాలుగు భాగాలు చేయాలి. ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు. అరకిలో మిగిలేదాకా ఇదే.

గడ్డలు చిదుపుతున్న ఆడపిల్ల అరచేతిలో ఎర్రటి ముక్క ఒకటి నిలిచింది. ఇటుక. తరవాత గచ్చు పెళ్లలు, టైలు ముక్క. పక్క ఇంటి నిర్మాణం నుంచి వచ్చి పడ్డవి. "తీసి పారెయ్యాల్నా అక్కా?" అంటే, "ఈ చోటి మట్టి కలపొద్దు. కానీ ఇక్కడ ఇటుక దొరికిందని కాగితం మీద రాయి" అంది. పిల్ల రాసింది: తూర్పు గోడ పక్కన, ఇటుక, సిమెంటు. ఒక శాస్త్రవేత్త చేసే మొదటి పని అదే. కనపడింది దాచకుండా రాయడం.

జూలై 20, ఆదివారం

నిన్నటి మట్టి గురించి ఇంకో మాట. ఇక్రిశాట్ పొలాల్లో రెండు నేలలూ ఉన్నాయి, ఎర్ర చెల్కా, నల్లరేగడీ. మెట్ట నేలల మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో ఆ ఎర్రనేలను పటాన్‌చెరు శ్రేణి అనీ, ఆ రేగడిని కాశిరెడ్డిపల్లి శ్రేణి అనీ రాస్తారు. మన పక్క ఊళ్ల మట్టిని గీటురాయిగా పెట్టుకుని ఎక్కడెక్కడివాళ్లో వాననీటి లెక్కలు, పోషకాల లెక్కలు కట్టారు. వచ్చే వారం ఇది పిల్లలకు చెప్పాలి. సైన్సు ఎక్కడో పుట్టి మన దగ్గరికి వస్తుందనే అభిప్రాయం పోవాలి.

జూలై 26, శనివారం

పాలిటెక్నిక్ నుంచి డిగ్రీకి వెళ్లిన అబ్బాయి ఈరోజు నల్లబల్ల మీద దారులు గీశాడు.

పది పాసైతే: పాలిసెట్ రాసి వ్యవసాయ డిప్లొమా, రెండేళ్లు. విత్తన సాంకేతికతకూ సేంద్రియ వ్యవసాయానికీ విడిగా డిప్లొమాలున్నాయి. వ్యవసాయ ఇంజినీరింగ్ డిప్లొమాకు మూడేళ్లు.

ఇంటర్‌లో బైపీసీ అయితే: ఎప్‌సెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్, ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద హార్టికల్చర్, పి.వి. నరసింహారావు విశ్వవిద్యాలయంలో పశువైద్యం, మత్స్యశాస్త్రం.

ఎంపీసీ అయితే: వ్యవసాయ ఇంజినీరింగ్. ట్రాక్టరు, డ్రిప్పు, గిడ్డంగి, నీటి పారుదల, డ్రోను.

చివరి వరుసకు తరగతి అంతా కదిలింది. ఎంపీసీ తీసుకుంటే వ్యవసాయానికి తలుపు మూసుకుపోయినట్టేనని వీళ్ల నమ్మకం. బైపీసీ అంటే డాక్టరు సీటు, అది రాకపోతే ఇక ఏమీ లేదని ఇళ్లలో భయం. ఆ రెండు అపోహలూ ఒక్క సుద్దముక్కతో పోయాయి.

"వ్యవసాయం చదివితే మళ్ల పొలంలకే పోవాల్నా అన్నా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు.

"పోతే తప్పేంది? పోకున్నా పనులున్నయి" అని అబ్బాయి చెప్పుకుంటూ పోయాడు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలున్నాయి. అయిదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, దానికొక విస్తరణ అధికారి. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారులు, విత్తన కంపెనీల్లో పరీక్షాశాలలు, ఆహార శుద్ధి యూనిట్లు. ఎరువుల దుకాణం పెట్టాలన్నా ఇవాళ చదువు అడుగుతున్నారు.

ఆగస్టు 7, గురువారం

ఎం.ఎస్. స్వామినాథన్ పుట్టి ఈరోజుకు నూరేళ్లు. మధ్యాహ్న భోజనం తరవాత అరగంట దొరికితే ఆయన సంగతి చెప్పాను.

తండ్రి శస్త్రవైద్యుడు. ఇంట్లోవాళ్లు ఈయన కూడా వైద్యమే చదువుతాడనుకున్నారు. 1943 నాటి బెంగాల్ కరవు వార్తలు విన్న కుర్రాడు మనసు మార్చుకుని కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చేరాడు. తరవాత సివిల్స్ రాసి ఐపీఎస్‌కు ఎంపికయ్యాడు. అదే సమయంలో నెదర్లాండ్స్‌లో జన్యుశాస్త్రం చదవడానికి యునెస్కో ఫెలోషిప్ వచ్చింది. పోలీసు ఉద్యోగం వదిలి అటు వెళ్లాడు.

పోలీసు కావాలనుకునే పిల్లలు ఈ బడిలో చాలామంది. "ఐపీఎస్ వచ్చినంక ఇడిషిపెట్టిండా సార్!" అని ఒకడు నమ్మలేకపోయాడు. 1960ల్లో గోధుమ గింజల కోసం ఓడల వైపు చూసిన దేశం తన తిండి తాను పండించుకోవడంలో ఆ నిర్ణయానికి ఎంత పాత్ర ఉందో చెబితే తల ఊపాడు.

ఆగస్టు 23, శనివారం

పదో తరగతి అమ్మాయి తల్లి బడికి వచ్చింది. కూతురు వ్యవసాయ డిగ్రీ చదువుతానంటోందట. రాజేంద్రనగర్ అమ్మాయితోనే మాట్లాడతానంది.

"బిడ్డా, మాకు మూడెకరాలుండె. ప్లాట్లోళ్లకు అమ్మినం. పిల్ల చిన్నగున్నప్పటి ముచ్చట. ఇప్పుడు ఈ చదువు మాకెట్ల పనికొస్తది?"

ఆ అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. వ్యవసాయ డిగ్రీలో రైతు కుటుంబాల పిల్లలకు 40 శాతం సీట్లు ఉంచారు. వాటిలో భూమి చూసి ఇచ్చే సీట్లకు కుటుంబం పేరిట సాగు భూమి ఉండాలి, మున్సిపాలిటీ కాని చోట కనీసం నాలుగేళ్లు చదివినట్టు కాగితం ఉండాలి. భూమి లేదు కనుక ఆ సీట్లు అందవు. "కానీ పెద్దమ్మా, మిగతా 60 శాతం ఉంది కద. అక్కడ భూమి అడగరు, ర్యాంకు చూస్తరు. నాకూ భూమి లేదు. నేను అట్లనే వచ్చిన."

తల్లి చాలాసేపు ఆ అమ్మాయి ముఖమే చూసింది. "నీకూ లేదా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె మనసు కుదుటపడ్డట్టు కనిపించింది.

ఇంకో సంగతి రాసుకోవాలి. పోయిన ఏడాది సెప్టెంబరులో పటేల్‌గూడ అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. అంతకు ముందు పంచాయతీగా ఉన్నప్పుడు ఇక్కడ చదివిన ఏళ్లు పిల్లలకు లెక్కకు వస్తాయి. కాబట్టి ఏ తరగతి ఏ బడిలో చదివారో స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించి పెట్టుకోవాలి. కౌన్సెలింగ్ వారంలో పరుగులు పెడితే దొరకవు. వచ్చే శనివారం ప్రతి పిల్లచేతా ఇది నోటు పుస్తకంలో రాయించాలి.

సెప్టెంబర్ 20, శనివారం

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. దసరా సెలవులు. ఆడపిల్లలు పూల పేర్లు చెబుతుంటే మా బీఎస్సీ అమ్మాయి ఒక్కొక్కదాన్నీ పొలంలోకి తీసుకెళ్లింది. గునుగు మక్క, జొన్న చేలల్లో కలుపు. తంగేడు బంజరులో, గట్ల మీద పెరుగుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది. బంతి వేర్లు నేలలోని నులిపురుగుల్ని తగ్గిస్తాయని కూరగాయల మధ్య వేస్తారు.

"మేం గునుగు బీరంగూడ కమాన్ కాడ కొంటున్నం అక్కా" అంది ఒక పిల్ల. అవును, చేలు పోతే కలుపు పువ్వూ కొనుక్కోవలసిందే.

సెప్టెంబర్ 24, బుధవారం

జాతీయ సేవా పథకం మొదలైన రోజు. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో, 37 విశ్వవిద్యాలయాలతో ఆరంభం. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. చెట్లు నాటతారు, ర్యాలీలు తీస్తారు, బడి గోడలకు సున్నం వేస్తారు. అవన్నీ కావలసినవే. వాటిలో ఇరవై గంటలు పక్క ఊరి పదో తరగతి పిల్లలకు కేటాయిస్తే ఆ గోడల లోపల జరిగే చదువుకూ బలం వస్తుంది.

వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడాదిలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ఉంది. పిల్లలు ఊళ్లో ఉండి, రైతుల వెంట నడిచి నేర్చుకుంటారు. వాళ్ల పనుల జాబితాలో రైతు ఉన్నాడు, నేల ఉంది, పంట ఉంది. రైతు ఇంట్లో పదో తరగతి చదివే పిల్లను కూడా ఆ జాబితాలో చేర్చాలి.

అక్టోబర్ 25, శనివారం

బడి వెనక ఆయమ్మ వేసిన కంది సాళ్లు పూతకొచ్చాయి. ఈరోజు పాఠం అక్కడే.

కంది మొగ్గను చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టుకోవాలి. పువ్వు విచ్చకముందే, రేకులు ఇంకా ముడిచి ఉండగానే పని కావాలి. సన్నని పట్టకారుతో రేకులను పక్కకు తొలగిస్తే లోపల పది కేసరాలు, తొమ్మిది ఒక గుంపుగా, ఒకటి విడిగా. కీలాగ్రానికి గాయం కాకుండా వాటిని ఒక్కొక్కటే తీసేయాలి. తరవాత ఇంకో మొక్క పుప్పొడి తెచ్చి అద్ది, దారం కట్టి, చీటీ వేలాడదీయాలి: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తేదీ.

పిల్లలు మొదట్లో మొగ్గలు తుంపేశారు. నాలుగో మొగ్గకో అయిదో మొగ్గకో చేతులు కుదిరాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఊపిరి బిగబట్టి పది కేసరాలూ తీసి, లెక్కపెట్టి, "తొమ్మిది, ఒకటి. పుస్తకంల రాసిందే ఉంది సార్!" అని అరిచాడు.

ఇదే పని పక్కనే ఇక్రిశాట్‌లో ఏళ్ల తరబడి చేశారు. ఎండు తెగులును తట్టుకునే మారుతి, ఆశ రకాలు అక్కడి నుంచి వచ్చినవే. ప్రపంచంలో తొలి కంది హైబ్రిడ్ ఐసీపీహెచ్ 8 కూడా, 1991లో. మన ఇంటి పప్పు వెనక అంత ఓపిక ఉంది.

నవంబర్ 15, శనివారం

ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం అబ్బాయి, ఎనిమిదిలో చేరినప్పుడు తెలుగు రాదు. ఎప్పుడూ చివర కూర్చుంటాడు. ఈరోజు నారుమడి సంగతి వస్తే లేచి నిలబడ్డాడు. మొలక కట్టడం, మడి దమ్ము చేయడం, ఎన్నాళ్ల నారు పీకాలి, కుదురుకు ఎన్ని కర్రలు నాటాలి, అన్నీ చెప్పాడు. సెలవులకు తాత దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాడట. ఈ ఊరి పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. వీళ్లలో చాలామంది నాటు చూడలేదు.

ఆ తరవాత మా డిప్లొమా అబ్బాయి వాడి పక్కనే కూర్చుని, తెలంగాణలో స్థానికతకు ఏ కాగితాలు కావాలో ఓపికగా రాసిచ్చాడు. వలస వచ్చిన పిల్లలకు తెలివికన్నా ముందు కాగితమే అడ్డుపడుతుంది. ఆ అడ్డు తీయడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు, తెలిసినవాడు పక్కన కూర్చుంటే చాలు.

నవంబర్ 22, శనివారం

ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు అప్పుడే ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. పరీక్షలు మార్చిలో, అడ్వాన్సులు నవంబరులోనే. "ఇప్పుడు కడితే ఫీజులో రాయితీ." ఏ గ్రూపు అని పిల్లను అడిగేవాడు లేడు. తండ్రి సంతకం, వెయ్యి రూపాయలు, అయిపోయింది.

మా కాలేజీ పిల్లలు ఈరోజు ఒకటే చెప్పారు: ఫలితాలు రాకముందు ఎవరికీ డబ్బు కట్టకండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలు, గురుకులాలు, పాలిసెట్, ఈ మూడూ చూసుకున్నాకే మిగతావి.

డిసెంబర్ 5, శుక్రవారం

ప్రపంచ మృత్తికా దినం. నక్కవాగు గురించి చెప్పాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ వాగులో కలిసి కిందున్న ఊళ్ల పొలాలు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి ఆ పోరాటంలో నిలిచారు. నీళ్లలో ఏం కలిసిందో రుజువు చేయడానికి పరీక్ష కావాలి, పరీక్షకు చదువు కావాలి. జూలైలో ఇటుక ముక్క సంగతి రాసిన పిల్ల, "నేల పరీక్ష చేసే ఉద్యోగానికి ఏ గ్రూప్ తీస్కోవాలె సార్?" అని అడిగింది. రసాయనశాస్త్రం రెండు గ్రూపుల్లోనూ ఉందని చెప్పాను.

డిసెంబర్ 23, మంగళవారం

రైతు దినోత్సవం. ఏడాది ముగుస్తోంది కనుక మనసులో మాట రాసేస్తాను.

ఈ పిల్లలందరూ వ్యవసాయమే చదవాలని నేను కోరుకోవడం లేదు. చదవాలనుకున్న పిల్ల దారి తెలియక ఆగిపోకూడదు, అంతే. పటేల్‌గూడలో పొలాలు తిరిగి రావు. కానీ పొలం అమ్ముకున్న ఇంటి పిల్ల విత్తన శాస్త్రవేత్త కావచ్చు, కూలీ కొడుకు విస్తరణ అధికారి కావచ్చు. తెలివి ఈ బడిలోనే ఉంది, విశ్వవిద్యాలయం గంట ప్రయాణం. మధ్యలో కావలసింది ఆ దారి నడిచిన ఒక అక్క, ఒక అన్న.

మీ ఇంట్లో వ్యవసాయమో, ఉద్యానమో, పశువైద్యమో చదువుతున్న పిల్లలుంటే ఈ సంక్రాంతి సెలవుల తరవాత దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పంపండి. ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి రెండు శనివారాలు అడగమనండి. ఒకరోజు దారులు చెప్పాలి, ఇంకోరోజు కాగితాలు సరిచూడాలి: స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌లో పేరు. మార్చిలో పరీక్షలు మొదలైతే పిల్లలకు తీరికుండదు. ఈ పని జనవరి, ఫిబ్రవరిల్లోనే కావాలి.